మిగిలిపోయిన ఒక్క డిగ్రీ

ఆ రోజు ఆ ఇంట్లో ఉన్నది ఐదుగురు.

మొదటివాడు మేస్త్రీ. బొమ్మ రేసు కార్లకి పెట్టే ఇంజిన్లు, గుప్పిట్లో ఇమిడిపోయేవి, ఆయన చేతిలో పడితే తేనెటీగల్లా పాడతాయని పేరు. రెండో మనిషి ఆయన భార్య. ఇంజిన్ అన్న మాట చెవిన పడితే చాలు మొహం చిట్లించి, ఆ ఇనప రజను తెచ్చి నా వంటింట్లో దులపొద్దని రోజుకి నాలుగుసార్లు అంటుంది. మూడో మనిషి వాళ్ల కూతురు. మర్నాడు పొద్దున తొమ్మిదింటికి రిమోటు చేత పట్టుకుని ఫైనల్లో నిలబడాల్సింది ఆమే. నాలుగోవాడు అల్లుడు, పళ్ల డాక్టరు. వీధి వైపు గదే అతని క్లినిక్కు. ఐదో మనిషి అతని తల్లి, ఆ ఇంటి వియ్యపురాలు. వారం ఉండి పోదామని వచ్చి మూడు నెలలైంది. పొద్దస్తమానం హాల్లో వీధి తలుపుకి ఎదురుగా కూర్చుని గళ్ల నుడికట్టు నింపుతూ ఉంటుంది.

డిటెక్టివ్ ఈ ఐదుగురినీ తన చిన్న పుస్తకంలో ఒకరి కింద ఒకరిని రాసుకుంది. కూతురు ఫోన్ చేసింది మూడూ ఇరవైకి. డిటెక్టివ్ గుమ్మంలో చెప్పులు విడిచింది నాలుగుకి పది నిమిషాల ముందు. ఆమె పెద్దగా మాట్లాడే మనిషి కాదు. మాట్లాడితే ఎదుటివాళ్లు ఆపేస్తారని ఆమె నమ్మకం. అందుకని వినడమే అలవాటు చేసుకుంది.

"అక్కా, నాన్న ఇంజిన్‌ని ఎవరో పాడుచేశారు," అంది కూతురు. "క్లబ్బు మనిషి లోపల ఉన్నాడు. నాన్నే కిటికీ పెంచి మోసం చేశాడంటున్నాడు. రేపు నన్ను పరిగెత్తనివ్వరట. అది పోతే పోనీ, నాన్న పేరు కొట్టేస్తారట."

"కిటికీ అంటే?"

కూతురు నడుస్తూనే చెప్పింది. ఇంజిన్ లోపల పిస్టన్ పైకీ కిందకీ ఆడేది ఒక గొట్టంలో. దాన్ని లైనర్ అంటారు. లైనర్ గోడకి చిన్న చిన్న చిల్లులు ఉంటాయి. వీళ్లింట్లో వాటిని కిటికీలంటారు. ఒక కిటికీలోంచి పొగ బయటికి పోతుంది, పక్క కిటికీల్లోంచి కొత్త ఇంధనం లోపలికి వస్తుంది. ఒక్కో కిటికీ ఎంతసేపు తెరిచి ఉంటుందో డిగ్రీల్లో కొలుస్తారు. పొగ కిటికీ పై అంచుని వెంట్రుకంత పైకి అరగదీస్తే అది ముందుగా తెరుచుకుంటుంది, కారు పిచ్చెక్కినట్టు పరిగెడుతుంది. రేపటి పోటీకి హద్దు నూట యాభై డిగ్రీలు. అది దాటితే మోసం కింద లెక్క.

"పొద్దున ఎంతుంది?"

"పొగ కిటికీ నూట నలభై ఎనిమిది. పక్క కిటికీలు నూట ఇరవై రెండు. ఆయనే కొలిచి ఎర్ర గోళ్ల రంగుతో సీలు వేసి, బీరువాలో పెట్టించి వెళ్లాడు. మళ్లీ మూడింటికి వచ్చి చూస్తే సీలు పగిలి ఉంది. కొలిస్తే నూట యాభై నాలుగు."

డిటెక్టివ్ పుస్తకంలో ఆ అంకెలు రాసుకుంది. పక్క కిటికీలు మూడింటికి ఎంత అని అడగబోయి, ఆ మాట ఇంకొకరి కోసం దాచుకుంది.

ఆ ఇంకొకరు టైబాబు. క్లబ్బు తనిఖీదారు. ఎండైనా వానైనా టై కట్టుకునే తిరుగుతాడు కనక ఆ పేరు. ఒకప్పుడు వాళ్లిద్దరూ ఒకే ఆఫీసులో పక్కపక్క బల్లల దగ్గర పనిచేశారు. అప్పట్నుంచీ ఒకరి పెన్సిల్ ఒకరు నమ్మరు.

"వచ్చావా," అన్నాడు టైబాబు పని గది గుమ్మంలో నిలబడి. "నీకు శ్రమ ఎందుకు, కేసు అయిపోయింది. రిపోర్టు రాయడమే మిగిలింది."

"నీకు రాయడం ముందు, చూడడం తర్వాత. పాత అలవాటు పోలేదన్నమాట," అంది డిటెక్టివ్. "ఒక అరగంట ఇవ్వు. అందర్నీ ఒక్కో మాట అడిగి వస్తాను."

"పావుగంట."

"అరగంట. ఇక్కడ టీ బాగుంటుందట."

టైబాబు గడియారం చూసుకుని కూర్చున్నాడు. టీ మాట అతనికి నచ్చింది.

డిటెక్టివ్ ముందుగా హాల్లోకి వెళ్లి వియ్యపురాలి పక్కన కూర్చుంది.

"మధ్యాహ్నం బయటివాళ్లెవరైనా వచ్చారా, పెద్దమ్మా?"

"నా కాళ్లు దాటుకుని పోవాలి ఎవరైనా. ఎవరూ రాలేదు. ఈ టై అబ్బాయి తప్ప. పొద్దున పదిన్నరకి వస్తానన్నవాడు పదింటికే దిగాడు. ఇల్లంతా ఉరుకులూ పరుగులూ. మా వియ్యపురాలి చేతిలో గిన్నె కింద పడిందంటే చూసుకో."

"మధ్యాహ్నం మీరు కునుకు తీశారా?"

"భోజనాలయ్యాక ఒంటిగంటన్నరకి మా వియ్యపురాలు కుట్టు మిషను మొదలెట్టింది. ఆ చప్పుడు జోలపాటలా ఉంటుంది నాకు. కళ్లు మూతపడ్డాయి. అది ఆగగానే మెలకువ వచ్చింది. అప్పుడు రెండయింది. గోడ గడియారం కొట్టింది కదా. మళ్లీ మిషను మొదలవుతుందేమో, ఇంకాస్త పడుకుందామని చూశాను. మూడింటి దాకా మొదలవలేదు. ఇదిగో, ఇంటిని కాసేది, నాలుగక్షరాలు, చివర 'లి'. ఏమిటమ్మా?"

"కావలి అయితే మూడే అక్షరాలు," అంది డిటెక్టివ్.

"అదే నేనూ అనుకున్నాను," అని ఆవిడ నిరాశగా పుస్తకంలోకి తల దించుకుంది.

అల్లుడు క్లినిక్కులో పనిముట్లు తుడుస్తున్నాడు. ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి, గొంతు మాత్రం పసిపిల్లలకి చెప్పేంత మెత్తగా ఉంటుంది. అతని గురించి ఇంట్లో అందరికీ తెలిసిన విషయం ఒకటుంది. అబద్ధం చెప్పాలని చూస్తే చెవులు ఎర్రబడిపోతాయి.

"అనుమానం మీ మీదకీ రావచ్చు," అంది డిటెక్టివ్. "పళ్లు అరగదీసే ములుకులు మీ దగ్గరే ఉన్నాయట."

"అరిగిపోయినవి ఒక డబ్బాలో వేసి మామగారికి ఇస్తాను. పంటికి పనికిరానిది లైనర్‌కి పనికొస్తుంది. కిటికీలు కొయ్యడానికి వాటిని మించినవి లేవంటారు ఆయన. కానీ నేను వాటితో ఇంజిన్ ముట్టుకోలేదు." చెవులు మామూలు రంగులోనే ఉన్నాయి. "ఒంటిగంటన్నర నుంచి రెండూ నలభై దాకా నా చేతులు మామగారి నోట్లోనే ఉన్నాయి. దవడ పన్నుకి గుంత పూడ్చాను. మత్తు సూది ఇస్తే మూతి ఒక పక్కకి పడిపోయింది. లేచి తిన్నగా వెళ్లి పడుకున్నారు."

"మధ్యలో లేవలేదా?"

"నోట్లో దూది, గొట్టం పెట్టుకుని ఎక్కడికి లేస్తారు?"

డిటెక్టివ్ ఆ గంటలు రాసుకుని కింద గీత గీసింది. మేస్త్రీ, అల్లుడు ఒకరికొకరు సాక్షులు.

కూతురు ఆ వేళంతా పెరట్లో చక్రాలకి జిగురు పెడుతూ కూర్చుందట. జిగురు ఇంకా ఆమె వేళ్ల మీద తెల్లగా పొట్టు లేస్తోంది. తడి జిగురు పట్టుకుని బీరువా తీస్తే తలుపు మీద వేలి గుర్తు పడి తీరాలి. బీరువా తలుపు శుభ్రంగా ఉంది. దాని తాళంచెవి వంటింట్లో మేకుకి వేలాడుతుంది, ఎవరైనా తీసుకోవచ్చు.

మేస్త్రీ భార్య వంటింట్లో గ్లాసులు కడుగుతోంది.

"నేనా గది గడప తొక్కను, అమ్మాయ్," అంది తిరిగి చూడకుండానే. "ఆ నూనె వాసన నాకు పడదు. కుట్టు గదిలో ఉన్నాను. పిల్లకి రేపు మెడలో వేసుకోవడానికి పసుపుపచ్చ రుమాలు కుడుతున్నాను. దూరంగా ఉన్నా కనిపించాలి కదా."

"మిషను మధ్యలో ఆపారా?"

"దారం తెగింది," అంది ఆవిడ. గ్లాసుని వెలుతురుకి ఎత్తి, అంచు చుట్టూ చిటికెన వేలు తిప్పి చూసి, పగులేమీ లేదని తేల్చుకుని బోర్లించింది. ఐదు గ్లాసులకీ అలాగే చేసింది. డిటెక్టివ్ అది చూస్తూ ఉండిపోయింది. గ్లాసు కడిగి ఆరబెట్టేవాళ్లని ఆమె చాలామందిని చూసింది. అంచుని వేలితో చదివేవాళ్లని చూడలేదు.

అరగంటలో ఐదు నిమిషాలు మిగిలి ఉండగా డిటెక్టివ్ పని గదికి తిరిగి వచ్చింది.

చిన్న గది. కిటికీ కింద బల్ల, బల్ల మీద దీపం, గోడకి వరసగా ఆకురాళ్లు. బల్ల మధ్యలో ఇంజిన్. పై మూత, అంటే హెడ్డు, విప్పి పక్కన పెట్టి ఉంది. ఇరుసుకి పళ్లెమంత చక్రం తగిలించి ఉంది, దాని అంచు చుట్టూ మూడు వందల అరవై గీతలు. ఆ పక్కనే వలయంలా ఉన్న ఇంకో ఇనప బిళ్ల. దాని మీద టైబాబు తన టీ గ్లాసు పెట్టుకుని ఊదుకుంటూ తాగుతున్నాడు.

"నువ్వు కొలిచినప్పుడు ఇది ఇలాగే ఉందా?" అంది డిటెక్టివ్.

"స్క్రూలు చేత్తో తిప్పితేనే ఊడొచ్చాయి. ఎవడో హడావిడిగా బిగించాడు. హెడ్డు తీసి, పైనుంచి చూస్తూ కొలిచాను. పొగ కిటికీ నూట యాభై నాలుగు. రంగు పగిలింది, అంచు మీద కొత్త మెరుపుంది, కొలత హద్దు దాటింది. ఇంకేం కావాలి?"

"పక్క కిటికీలు ఎంత?"

టైబాబు తన కాగితం చూసుకున్నాడు. "నూట ఇరవై ఎనిమిది."

"పొద్దున?"

"నూట ఇరవై రెండు."

"అవీ పెరిగాయి."

"వాటినీ అరగదీశారన్నమాట. ఇంకా మంచిది."

"నాలుగు పక్క కిటికీల్నీ, అన్నింటినీ సమానంగా, గంటలోపు?" డిటెక్టివ్ దీపం దగ్గరికి లాక్కుంది. భూతద్దం పెట్టి చూసింది. పక్క కిటికీల అంచుల మీద పాత నూనె రంగు అలాగే ఉంది. ఒక్క గీత లేదు. పొగ కిటికీ పై అంచు మాత్రం సన్నటి తీగలా మెరుస్తోంది. "వీటిని ఎవరూ ముట్టుకోలేదు. ముట్టుకోకుండా ఎలా పెరిగాయి?"

"నన్నడిగితే?"

"కొలిచింది నువ్వు కదా."

టైబాబు కాగితం మడిచాడు. టీ తాగాడు.

డిటెక్టివ్ ఇంజిన్ పైభాగం మీద గోరు పెట్టి అటూ ఇటూ జరిపింది. లైనర్ అంచు దగ్గర గోరు తట్టుకుంది. మందపాటి కాగితమంత ఎత్తు. బొటనవేలితో దాన్ని గట్టిగా నొక్కింది. టిక్కుమని చప్పుడై అది కిందకి దిగి, చుట్టూ ఉన్న ఇనుముతో సమానమైంది. చక్రాన్ని ఒక చుట్టు తిప్పింది. పిస్టన్ పైకి వచ్చి, బిగుసుకుని, మళ్లీ కిందకి దిగింది. గోరు పెట్టి చూస్తే లైనర్ మళ్లీ లేచి ఉంది.

గుమ్మంలో దగ్గు వినిపించింది. మేస్త్రీ వచ్చి నిలబడి ఉన్నాడు. మూతి ఇంకా ఎడమ పక్కకి వాలి ఉంది, మాటలు సగం లోపలే ఉండిపోతున్నాయి.

"మేస్త్రీగారూ," అంది డిటెక్టివ్, "ఈయన గ్లాసు పెట్టుకున్న బిళ్ల ఏమిటి?"

మేస్త్రీ దాన్ని చూసి, టైబాబుని చూసి, నవ్వాలని ప్రయత్నించాడు. సగం మొహమే నవ్వింది. "కొలిచే హెడ్డు. పాత హెడ్డుకి మధ్యలో చిల్లు కోశాను. లైనర్ పైకి పోయేకొద్దీ ఇరుకు. వేడెక్కితే సరిపోతుంది. చల్లగా ఉన్నప్పుడు హెడ్డు లేకుండా తిప్పితే పిస్టన్ లైనర్ని ఎత్తుకుని పోతుంది. అందుకని ఇది బిగించి, చిల్లులోంచి చూసి కొలవాలి. పొద్దున నేనే బిగించి ఇచ్చాను."

టైబాబు గ్లాసు ఎత్తాడు. బిళ్ల మీద టీ మరక గుండ్రంగా మెరుస్తోంది.

"నాకు ఎవరు చెప్పారు?" అన్నాడు చివరికి.

"ఎవర్ని అడిగావు?" అంది డిటెక్టివ్.

ఆమె కొలిచే హెడ్డుని తుడిచి, ఆరు స్క్రూలూ ఎదురెదురుగా బిగించింది. పొగ దారి దగ్గర చిన్న టార్చి పెట్టి, చిల్లులోంచి లోపలికి చూస్తూ చక్రం మెల్లగా తిప్పింది. లోపల సన్నటి వెలుగు గీత సన్నబడి సన్నబడి ఆరిపోయిన చోట ఆగింది.

"నువ్వే చదువు. నేను చదివితే నమ్మవు."

టైబాబు టై చివరని జేబులో దోపుకుని వంగాడు. ముందు పక్క కిటికీలు చదివాడు. "నూట ఇరవై రెండు," అన్నాడు గొంతు తగ్గించి. తర్వాత పొగ కిటికీ. రెండుసార్లు తిప్పి చూసుకున్నాడు. "నూట నలభై తొమ్మిది. హద్దు లోపలే."

గుమ్మం బయట కూతురు గట్టిగా ఊపిరి వదిలింది. అల్లుడు ఆమె భుజం తట్టాడు. వియ్యపురాలు హాల్లోంచే, "తేలిపోయిందా, అయితే టీ పెట్టండి," అంది. ఇంట్లో ఒక్కసారిగా గాలి ఆడినట్టయింది.

డిటెక్టివ్ మాత్రం చక్రం వైపే చూస్తోంది. పక్క కిటికీలు పొద్దుటి అంకెకి ఖచ్చితంగా తిరిగొచ్చాయి. పొగ కిటికీ తిరిగి రాలేదు. పొద్దున నూట నలభై ఎనిమిది, ఇప్పుడు తొమ్మిది. లైనర్ లేవడం వల్ల వచ్చిందంతా దిగిపోగా ఒక్క డిగ్రీ మిగిలిపోయింది. ఆ సన్నటి మెరుపు తీగ విలువ అది.

ఎవరో నిజంగానే ముట్టుకున్నారు. మోసం చెయ్యడానికి కాదు. మోసం చెయ్యదలచినవాడు ఒక్క డిగ్రీ కోసం ఇంత పని పెట్టుకోడు.

"మేస్త్రీగారూ, అంచు అలా మెరవడం దేనికి?"

"పదును చంపడం అంటాం," అన్నాడు ఆయన నెమ్మదిగా. "కోసిన అంచు కత్తిలా ఉంటుంది. అలాగే వదిలేస్తే మూడో చుట్టులో పిస్టన్‌ని గీరేస్తుంది. నలుసంత వాలు పెట్టి, నూలు పీచు దాని మీద జరిపి చూస్తాం. పీచు తట్టుకుంటే ఇంకా పదునున్నట్టు."

ఆ మాట అంటుండగా ఆయన చూపు బల్ల అంచు మీద పడింది. దీపం కాడ పక్కన పసుపుపచ్చ దారపు పీచు ఒకటి ఉంది, చీమ కాలంత. డిటెక్టివ్ కూడా అప్పుడే చూసింది. మేస్త్రీ ఏమీ ఎరగనట్టు బల్ల మీద అరచేయి వేసి, తుడిచినట్టు తుడిచి, ఆ చేతిని జేబులో పెట్టుకున్నాడు.

టైబాబు అటు చూడలేదు. రూలు పుస్తకం తిప్పుతున్నాడు. ఓడిపోయిన చోట నిలబడడం అతనికి ఇష్టం ఉండదు, వెంటనే ఇంకో చోటు వెతుక్కుంటాడు.

"కొలత సరే. సీలు సంగతి తేలలేదు," అన్నాడు. "తొమ్మిదో పేజీ. ఈ ఇంటి చిరునామా మీద నమోదైన ట్యూనరు, అంటే ఇంజిన్ సరిచేసే మనిషి, సీలు తీసి, కొలత హద్దులో ఉంటే, కారు చివరి వరుసలోంచి బయల్దేరుతుంది. నమోదు కాని చెయ్యి పడితే కారు పోటీలోంచి బయటికి, ట్యూనరు పేరు పట్టీలోంచి బయటికి. తిరిగి చేర్చేది లేదు. ఈ చిరునామా మీద రెండు పేర్లున్నాయి. కిందది మీది. పైది పాతది, ఇంటిపేరూ ఒక పొడి అక్షరమూ. మీ నాన్నగారా?"

"ఇంటి మనిషే," అన్నాడు మేస్త్రీ.

"పోయారా?"

మేస్త్రీ వాలిన మూతి తుడుచుకున్నాడు. "సీలు తీసింది నేనే," అన్నాడు. "పొద్దున మీరు అరగంట ముందే వచ్చారు. అంచు పని మిగిలిపోయింది. మధ్యాహ్నం రెండింటికి తీసి పూర్తి చేశాను. చెప్పడం మర్చిపోయాను."

"నాన్నా, చివరి వరుసైతే ఇంకా మంచిది," అంది కూతురు గుమ్మంలోంచి. "అందర్నీ దాటుకుంటూ వస్తాను. ముందు నిలబడితే ఏం సరదా?"

టైబాబు రాసుకుంటున్నాడు. డిటెక్టివ్ తన పుస్తకంలో గీత గీసిన చోట వేలు పెట్టుకుని నిలబడింది. రెండింటికి మేస్త్రీ నోట్లో దూది ఉంది, గొట్టం ఉంది, అల్లుడి రెండు చేతులూ ఉన్నాయి.

"సాక్షి సంతకం కావాలి. ఒకటి నీది," అన్నాడు టైబాబు ఆమెతో.

"చెయ్యి నూనె. కడుక్కుని వస్తాను," అంది డిటెక్టివ్.

ఆమె వంటింటి వైపు వెళ్లలేదు. నడవా చివర కుట్టు గది తలుపు ఓరగా ఉంది. మేస్త్రీ భార్య మిషను ముందు కూర్చుని రుమాలు అంచు మడుస్తోంది. పసుపుపచ్చ గుడ్డ ఒడినిండా పరుచుకుని ఉంది. పక్కనే సూదులు గుచ్చే చిన్న దిండు. పాతిక సూదులుంటాయి. వాటి మధ్యలో ఒకటి సూది కాదు. పొట్టిగా, కొన లావుగా, అల్లుడి క్లినిక్కులో అరిగిపోయిన పళ్ల ములుకు.

డిటెక్టివ్ గుమ్మంలోనే ఆగిపోయి దాన్ని చూసింది. తాను చూడడం ఆవిడా చూసింది.

"దారం తెగితే అతకడానికి గంట పట్టదు, పిన్నిగారూ," అంది డిటెక్టివ్.

ఆవిడ గుడ్డ పక్కన పెట్టింది. కాదనలేదు. "నలభై నిమిషాలే. కడగడానికే సగం పోయింది. బిగించేలోపల క్లినిక్కు తలుపు చప్పుడైంది. స్క్రూలు వదులుగా వదిలేసి వచ్చేశాను. తర్వాత బిగిద్దామంటే ఆ టై అబ్బాయి మూడింటికి ఒక్క నిమిషం అటూ ఇటూ కాకుండా దిగాడు."

"మేస్త్రీగారు ఆ పని చేసుకోలేరా?"

"రెండేళ్లయింది, ఆయన వేలికి అంచు తెలియడం మానేసి. కొయ్యడం ఇప్పటికీ ఆయనలా ఎవరూ కొయ్యలేరు. చివర పదును చంపేటప్పుడు మాత్రం పొరపాటు పడతారు. ఆయన భోజనం చేసి పడుకున్నప్పుడు నేను వెళ్లి సరిచేసి వస్తాను. ఆయనకి తెలీదు." ఆవిడ గొంతు తగ్గింది. "చెప్పకమ్మా. చేతిలో పని పోయిందని తెలిస్తే మనిషి సగమైపోతాడు."

చెప్పకుండా ఉండడం డిటెక్టివ్‌కి బాగా వచ్చిన విద్య, కానీ ఇప్పుడు అది పనికిరాదనిపించింది.

"సీలు తానే తీశానని చెప్పారు ఆయన, ఇప్పుడే, అందరి ముందూ."

"ఎన్నింటికన్నారు?"

"రెండింటికి."

"రెండింటికి నోరు తెరుచుకుని కూర్చుని..." ఆవిడ మాట మధ్యలో ఆగింది.

"బల్ల మీద పసుపుపచ్చ పీచు ఒకటి ఉంది. నేను తీసుకునేలోపు ఆయన తీసి జేబులో వేసుకున్నారు. వెతకలేదు, పిన్నిగారూ. అలాంటిది అక్కడ ఉంటుందని తెలిసినవాళ్లలాగే తీశారు."

మేస్త్రీ భార్య కాసేపు మిషను చక్రం మీద చెయ్యి వేసి కూర్చుంది. తర్వాత ఆవిడ భుజాలు కదిలాయి. ఏడుస్తోందేమో అనుకుని డిటెక్టివ్ ఒక అడుగు ముందుకి వేసింది. ఆవిడ నవ్వుతోంది.

"రెండేళ్లు," అంది. "రోజూ ఆ గురక అంతా నాటకమన్నమాట. దొంగ మనిషి."

అప్పుడే పని గదిలోంచి టైబాబు గొంతు వినిపించింది. "డాక్టరుగారూ, రెండో సాక్షి సంతకం మీది. మందు వాసన వస్తోంది, ఇవాళ ఎవరికైనా పన్ను చూశారా? ఎన్నింటికి? రాసుకునే పుస్తకం ఉంటుందిగా, ఒకసారి చూపించండి."

అల్లుడి చెవులు ఇప్పుడు ఏ రంగులో ఉన్నాయో డిటెక్టివ్ ఊహించుకోగలదు. మేస్త్రీ అబద్ధం బయటపడితే సీలు తీసింది నమోదు కాని చెయ్యి అవుతుంది. కారు పోతుంది, ముప్పై ఏళ్ల పేరు పోతుంది.

మేస్త్రీ భార్య లేచి నిలబడింది. తొందరేమీ లేదు ఆవిడలో.

"ఆ పట్టీలో పైనున్న పేరు ఎవరిదనుకున్నావు?"

"మేస్త్రీగారి నాన్నగారిదని."

"మా మామగారికి సైకిల్ చెయిను ఊడితే వేసుకోవడం కూడా రాదు," అంది ఆవిడ. "ఆ పొడి అక్షరం నాది. పెళ్లయిన కొత్తలో రాయించుకున్నాను, ఆయన కంటే ఏడాది ముందు. డిగ్రీల చక్రం చదవడం ఆయనకి నేర్పింది ఎవరనుకుంటున్నావు? పిల్ల పుట్టాక నూనె చేతుల్తో ఎత్తుకోలేక మానేశాను. తర్వాత ఆయన పేరు పెరిగింది. నాకు అదే బాగుందనిపించింది, అలా ఉండనిచ్చాను."

డిటెక్టివ్ పుస్తకం తెరిచింది. మొదటి పేజీలో ఐదుగురి వరస ఉంది. రెండో మనిషి ఎదురుగా తాను రాసుకున్నది, 'ఇంజిన్లంటే గిట్టదు', చూసి సిగ్గుపడింది.

"వెళ్లు," అంది మేస్త్రీ భార్య. "ఆ టై అబ్బాయిని పన్ను పుస్తకం మూసేసి హాల్లో కూర్చోమను. సీలు తీసిన ట్యూనరు వస్తోందని చెప్పు. మా అల్లుడి చెవులు కాలిపోకముందే వెళ్లు."

"మీరు రారా?"

"ముప్పై ఏళ్ల తర్వాత క్లబ్బు వాళ్ల ముందుకి ఈ నూనె మరకల బట్టల్తోనా? మార్చుకుని వస్తాను."

"పిన్నిగారూ, మరి మేస్త్రీగారితో ముందుగా..."

"అది ఆయనకీ నాకూ మధ్య సంగతి," అంది ఆవిడ, సూదుల దిండులోంచి ములుకుని తీసి, కొనని చిటికెన వేలితో ఒకసారి చదివి, మళ్లీ సూదుల మధ్యే గుచ్చుతూ. "నీ పుస్తకంలోకి రాదు."

నవ్వుతూనే, డిటెక్టివ్ మొహం మీద తలుపు వేసేసింది.